ఈసారి జ్వరం ఎవరికి?

కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న భర్తకు తెలిసింది. ఆయన కంచం పక్కకి జరిపి, గ్లాసుడు నీళ్లు తాగి, గొంతు పెంచకుండానే అన్నాడు. గొంతు పెంచకపోవడమే ఆయన గొప్ప గుణమని చుట్టాలందరూ చెప్పుకుంటారు.

"వేసిన ఉప్పు కూడా గుర్తుండకపోతే ఎలా? ధ్యాస ఎక్కడ పెట్టి వండుతున్నావు?"

"వయసు మీద పడ్డది నాకు, మతిమరుపు వచ్చింది దానికి," అంది అత్తగారు హాల్లో కుర్చీలోంచి.

ధ్యాస ఎక్కడుందో ఎవరైనా వెతికి తెచ్చిపెడితే ఆమె కూడా సంతోషించేది. కొన్ని నెలలుగా ఇదే వరస. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడుతుంది. పొంగుతున్నాయని తెలుస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం లేవదు. బస్సు దిగాల్సిన చోటు దాటిపోయాక గుర్తొస్తుంది. తెల్లారి కళ్లు తెరిస్తే, ఇంకా పక్క మీద నుంచి లేవకుండానే, సాయంత్రానికి ఉండాల్సిన అలసట అంతా వచ్చి మీద కూర్చుని ఉంటుంది. ఏడుపు వస్తే బాగుండును, అదీ రాదు. వచ్చినా ఎక్కడ ఏడవాలి? బాత్రూంలో రెండు నిమిషాలు ఎక్కువుంటే తలుపు తడతారు, గీజర్ ఆపావా లేదా అని.

ఆమె పని రక్తపరీక్షల లాబ్‌లో. వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని, నరం వెతికి, సూదిపెట్టి రక్తం తీసి గాజుగొట్టంలో పట్టడం. అక్కడ ఆమెకి మెత్తచెయ్యక్క అని పేరు. చంటిపిల్లల తల్లులు, షుగరున్న ముసలివాళ్లు, సూది పేరు చెబితేనే కళ్లు తిరిగే మగవాళ్లు, అందరూ ఆలస్యమైనా సరే ఆమె కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. "అయిపోయిందా? నిజంగా తీసేశారా?" అని అడుగుతారు. ఇంట్లో ఆ చేతికి బిరుదులేం లేవు. గిన్నెకి జిడ్డు మిగిలితే మాత్రం అదెవరి చెయ్యో అందరికీ తెలుసు.

ఆ లాబ్‌లో సెలవు దొరకాలంటే ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టాలి. ఇది ఎక్కడా రాసిలేని రూలు, కానీ అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ కంఠతా వచ్చు. తనకి ఒంట్లో బాగోలేదంటే "ఓ మాత్ర వేసుకుని రా, కూర్చుని చేసే పనేగా" అంటారు. ఇంట్లోవాళ్లకి బాగోలేదంటే "అయ్యో, వెళ్లమ్మా" అంటారు. ఆడది మంచం పక్కన కూర్చోవడం అందరికీ అర్థమవుతుంది, అదే మంచం మీద పడుకుంటే ఎవరికీ ఎక్కదు. అలా ఇన్నేళ్లలోనూ అత్తగారి కంటి ఆపరేషన్‌కి, భర్త నడుం పట్టేసినందుకు, కూతురి జ్వరాలకి, అత్తగారి మోకాళ్లకి, మళ్లీ కూతురి జ్వరాలకి సెలవులు తీసుకుంది. లాబ్ కంప్యూటర్‌ని అడిగితే ఆ ఇంట్లో ఎన్నడూ జబ్బు చెయ్యని మనిషి ఆమె ఒక్కతే.

ఉప్పు సంగతి సరే, ఉప్పు వల్ల ఎవరూ చచ్చిపోరు. ఆమెని భయపెట్టింది వేరే.

ఆ వారంలోనే ఒకరోజు స్టిక్కర్లు తీసే మిషన్ పాడైంది. గొట్టాల మీద పేరూ వయసూ చేత్తో రాయమన్నారు. ఆ పొద్దున ఒక కడుపుతో ఉన్న అమ్మాయి వచ్చి కుర్చీలో కూర్చుంది. నాలుగో నెలట. పొట్ట ఇంకా పెద్దగా తెలియకపోయినా చెయ్యి మాత్రం అప్పుడే పొట్ట మీద వేసుకుని ఉంది. ఆమె ఆ రెండో చెయ్యి తీసుకుని, ఎప్పటిలాగే మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా రక్తం తీసింది. పేరు రాసి గొట్టం లోపలికి పంపింది. కాసేపటికి లోపల మిషన్ల మీద పనిచేసే ఆవిడ గొట్టం పట్టుకుని బయటికి వచ్చింది.

"మెత్తచెయ్యా, ఇదెవరిదే? ఈ పేరుతో ఇవాళ ఎవరూ రాలేదు. వయసు కూడా రాయలేదు నువ్వు."

ఆమె గొట్టం అందుకుని చూసింది. తన రాతే. ఆ పేరు ఆమెకి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. పోయిన వానాకాలంలో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆడపిల్లయినా మగపిల్లాడైనా సరిపోతుందని ఆమె ఒక్కతే అనుకున్న పేరు అది. భర్తకి ఆదివారం తీరిగ్గా చెబుదామనుకుంది. ఆదివారం రాకముందే కడుపు పోయింది.

అప్పటికే ఇంటికి పంపించేసిన ఆ అమ్మాయిని ఫోన్‌చేసి మళ్లీ పిలిపించారు. "పర్లేదక్కా, మీరు తీస్తే నొప్పే ఉండదుగా," అని నవ్వుతూ మళ్లీ చెయ్యి చాపింది. ఈసారి ఆమె గొట్టం మీద పేరు రెండుసార్లు సరిచూసుకుంది. ఆ తర్వాత గ్లవ్స్ పెట్టెలుండే గదిలోకి వెళ్లి, పెట్టెలవైపు తిరిగి నిలబడింది. ఆ పేరు ఎవరికీ లేదు కాబట్టి దొరికిపోయింది. ఇంకో పేషెంటు పేరే రాసి ఉంటే? ఒకరి రోగం ఇంకొకరికి అంటగట్టి, ఎవరికి ఏ మందు పోసి ఉందురో! కొన్నాళ్లు సెలవు పెట్టి, తలుపేసుకుని, ఆ బిడ్డ కోసం ఒక్కసారైనా ఏడవకపోతే తన చెయ్యి ఇంకెవరి కొంపైనా ముంచుతుందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

కడుపు పోయినప్పుడు ఇంట్లో ఎవరూ ఆమెని తిట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. భర్త, "మళ్లీ వస్తుందిలే, ఊరంతా చాటకు," అన్నాడు. అత్తగారు వేణ్ణీళ్లు కాచిపెట్టి, "నాకూ రెండోది ఇలాగే పోయింది. మర్నాడే దుప్పట్లు ఉతికాను," అంది. అది ఓదార్పో, గొప్పో, ఇన్నేళ్లుగా అడగడానికి ఎవరూ లేక మిగిలిపోయిన బాధో, దుప్పట్లు ఉతికినావిడకే తెలియాలి. ఆమె మూడోరోజుకల్లా బస్సులో ఉంది. దిగాల్సిన చోటే దిగింది.

గొట్టం సంగతి జరిగిన మర్నాడు ఇన్‌చార్జి మేడం దగ్గరికి వెళ్లింది.

"రెండు వారాలు సెలవు కావాలి మేడం."

"రెండు వారాలే? ఎవరికి బాగోలేదు?"

"నాకే. మనసు బాగోలేదు."

మేడం కళ్లజోడు తీసింది. చెడ్డమనిషి కాదు. ఆవిడ కూడా పొద్దున్నే ఇంటిపని ముగించుకుని, తడి జుట్టుతోనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. "మనసెవరికి బాగుందే తల్లీ? నాకు బాగుందా? ఒక పని చెయ్యి, రక్తం ఇవ్వు, అన్ని పరీక్షలూ చేయిద్దాం. ఏదో ఒకటి తక్కువ చూపిస్తుంది, దాని మీద ఇచ్చేస్తాను."

రక్తం ఇచ్చింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. అంత చక్కటి రిపోర్టు చూసి ఇంతగా దిగులుపడ్డ మనిషి ఆ లాబ్‌లో ఇంతకుముందు ఉండి ఉండదు.

మేడం గొంతు తగ్గించింది. "చూడు, మనసూ గినసూ అని పెట్టావనుకో, ఆ మాట నిన్ను వదలదు. రేపు ఎవరైనా నీకు చెయ్యి చాపుతారా, మెదడు బాగోలేని మనిషి సూది పెడుతుందంటే? పాపకి జ్వరం అని పెట్టు. రేపొద్దున్నే సంతకం పెట్టేస్తాను. నీ మంచికే చెబుతున్నా."

నిజంగా మంచికే చెప్పింది. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా అనిపించింది. పోట్లాడ్డానికి ఒక్కళ్లైనా చెడ్డవాళ్లు ఉంటే ఎంత సుఖం!

సాయంత్రం ఇంట్లో, చపాతీలు ఒత్తుతూ భర్తకి చెప్పింది. సెలవు అడిగానంది. ఎందుకో కూడా చెప్పింది. గొట్టం మీద రాసిన పేరు మాత్రం చెప్పలేదు.

"ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగానికి మనసు అలిసిపోవడమేంటి?" అన్నాడు. కాస్త ఆలోచించి, మెత్తబడ్డాడు. "సరేలే, పెట్టుకో. ఎలాగూ రెండు వారాలు ఇంట్లోనే ఉంటావు కదా, అమ్మకి రెండో కన్ను కూడా చేయించేద్దాం. చుక్కలు వెయ్యడానికి మనిషుండాలని వాయిదా వేస్తున్నాం. నీకూ మనసు మళ్లినట్టుంటుంది."

"నా కోసం దాన్ని ఇబ్బంది పెట్టకురా," అంది అత్తగారు. కానీ టీవీ గొంతు తగ్గించి మరీ అంది, ఏం జవాబు వస్తుందో వినడానికి.

ఆమె చపాతీ ఒత్తుతూనే ఉంది. ఒత్తి ఒత్తి అవతలివైపు పీట కనిపించేంత పల్చబడి, చివరికి చిరిగింది. తన సెలవు కూడా తనది కాదు. అడిగి తెచ్చుకున్న ఆ కాస్త ఖాళీలోకి అప్పుడే ఎవరి కన్నో వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున కూతురికి జడ వేస్తోంది. పిల్లకి పదేళ్లు. అద్దంలో తల్లి మొహం చూస్తూ, మామూలుగా, బడికి బూట్లెక్కడ అని అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మా, ఈసారి జ్వరం ఎవరికి? నాకేనా?"

ఆమె చేతిలో జడ పాయలు ఆగిపోయాయి.

"నాన్నతో చెబుతుంటే విన్నాను. నాకైతే నాకని ముందే చెప్పు. పోయినసారి నాకు జ్వరమని నువ్వు సెలవు పెడితే, మీ లాబ్ ఆంటీ బజార్లో కనిపించి, తగ్గిందా అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. నువ్వు పడుకోవాలంటే నాకే రానీలే అమ్మా, నేను చెబుతాను."

పిల్ల జాలిగా అంది. తల్లి కోసం తన ఒంటిని అప్పిస్తానంటోంది. పదేళ్లకే నేర్చేసుకుంది, ఆడవాళ్ల అలసటకి ఇంకొకరి పేరు కావాలని. ఆమెకి ఎన్నో నెలలుగా రాని ఏడుపు ఆ క్షణంలో వచ్చింది, ఆపుకోలేదు. కన్నీళ్లు పిల్ల పాపిట్లో పడ్డాయి.

"నీకు కాదమ్మా. నీకేం జ్వరం లేదు. నానమ్మక్కూడా ఏం లేదు. నాకే బాగోలేదు," అంది. ఆ మాట ఇంట్లో గట్టిగా అనడం అదే మొదలు. వంటింటి గుమ్మంలో భర్త, కాఫీ గ్లాసుతో, విన్నాడు.

లాబ్‌కి వెళ్లింది కానీ తెల్లకోటు వేసుకోలేదు. సూదుల ట్రే తీసుకెళ్లి మేడం బల్ల మీద పెట్టింది.

"ఇవాళ్టి నుంచి కొన్నాళ్లు సూది పట్టుకోను మేడం. ఇస్తే సెలవు. ఇవ్వకపోతే మీ ఇష్టం."

"అదేంటే, పాపకి జ్వరమని నేనే కొట్టి ఉంచానుగా," మేడం కంప్యూటర్ ఇటు తిప్పింది. "చూడు, సంతకమే తరువాయి."

"పాపకి జ్వరం లేదు, తీసేయండి. బిడ్డ పోయిందని రాయండి."

మేడం మొహం పాలిపోయింది. "ఏ బిడ్డ? ఏమంటున్నావు?"

"కడుపులో బిడ్డ. నాలుగో నెలలో పోయింది. పోయిన వానాకాలం."

"వానాకాలమా?" మేడం కుర్చీలోంచి లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కళ్లు తడిశాయి. "ఒక్క మాట చెప్పలేదేంటే నాకు? ఇంత జరిగితే అప్పుడైనా సెలవు పెట్టుకోవద్దూ?"

"పెట్టాను మేడం. మీరు సంతకం కూడా చేశారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులని."