ట్రాము దారిలో దిబ్బ

"ఎవరి జోలికీ పోకుండా పని చేసుకు రా," అన్నాడు గంగయ్య, పెళ్లాం అంకమ్మ కాల్చిన రొట్టె నములుతూ. తెల్లారకముందే లేచి వంట చేసి, అతని బట్టలు ఉతికి, అతనితో సమానంగా పార పట్టే ఆమెకు రోజూ ఇదే దీవెన.

ఆ వారం ఫిజీ దీవిలోని వాయిలేవులో చెరకు బండ్ల కోసం ట్రాము దారి వేస్తున్నారు. ఒప్పందం మీద వచ్చిన గిరిమిట్ కూలీలంతా అడ్డంగా ఉన్న దిబ్బను తవ్వుతున్నారు. అంకమ్మ పారకు ఏదో తగిలింది. చేత్తో మట్టి తీసింది. ఇక్కడి ఫిజీవాళ్లు వాడే తరహాలో గీతలు చెక్కిన పాత కుండ. పక్కనే మనిషి ఎముకలు. ఆ చేతుల మధ్య గుప్పెడంత పుర్రె.

తల్లీ బిడ్డా.

నిరుడు జ్వరంతో పోయిన తన కూతుర్ని చెరకు తోట అంచున పూడ్చారు. మూడు నెలలకే అక్కడ నాగలి నడిచింది. "పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చుంటే పనెవరు చేస్తారు?" అన్నాడప్పుడు గంగయ్య.

కూలీల మీద సర్దారు మునియ్య వంగి చూశాడు. "పగలగొట్టి ట్రాము కట్టలో పోసెయ్. రేపు కూలంబర్ దొర వస్తాడు. " గుమిగూడిన కూలీలకేసి తిరిగాడు. "మీలో ఎవరైనా బయట చెప్పారో, తోలు వలుస్తా."

అతను అటు పోగానే అంకమ్మ వాటిమీద మళ్లీ మట్టి కప్పి పక్కన తవ్వసాగింది. మధ్యాహ్నం నీళ్లకని ఏటికి వెళ్తే, పీతలు పట్టుకుంటున్న ఫిజీ ఆడమనిషి లితియా కనిపించింది. అంకమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది. వెనక్కి రెండుసార్లు చూసుకుంది. వచ్చీరాని హిందుస్తానీలో గొణిగింది: "ఉధర్ టీలా మే హడ్డీ హై. తుమ్ లోగ్ కే." ఆ దిబ్బలో ఎముకలున్నాయి, మీవాళ్లవే, అని. లితియా బుట్ట అక్కడే వదిలేసి పరుగెత్తింది.

మర్నాడు తోట అజమాయిషీ చేసే కూలంబర్ వచ్చేసరికి, అది తమ పూర్వీకుల సమాధి, కదలం అని ఫిజీ పెద్దలు ఎనిమిదిమంది దిబ్బ మీద కూర్చుని ఉన్నారు. దొర అరిచాడు, బతిమాలాడు. చివరికి దారి గుర్తుకు పాతిన మేకులు పీకించి దారిని పక్కకు తిప్పించాడు. ఆ కోపమంతా కూలీల మీదికి మళ్లింది.

"వీళ్లకు చెప్పిందెవరు?"

మునియ్య కొరడా విప్పాడు. గంగయ్య, పారను గుండెకు అదుముకున్న భార్యకేసి చూశాడు. చెప్పింది ఆమేనని అతనికి అర్థమైంది.

"జసోద, దొరా," అన్నాడు.

జసోద మొగుడు పోయిన మనిషి. అడ్డుపడేవాళ్లెవరూ లేరు. అంకమ్మకు ముందు ప్రాణం కుదుటపడింది. బతికిపోయాననుకుంది. అలా అనుకున్నందుకే తనమీద తనకే రోత పుట్టింది. జసోదను జుట్టు పట్టి ముందుకు ఈడ్చారు. గంగయ్య అంకమ్మకు కళ్లతోనే కదలొద్దని సైగ చేశాడు. అంకమ్మ పార కింద పడేసింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

"నా మొగుడు అబద్ధం చెప్తున్నాడు, దొరా. చెప్పింది నేను."