పల్చనిది ముందు

"లోపల నిద్రపోయావా ఏంటి?" అంటూ మా ఆయన బాత్‌రూమ్ తలుపు దబదబా కొట్టాడు. ముఖం కడిగి, తడి అద్దుకుని, నీళ్ళలా పల్చగా ఉండే సీరమ్ అప్పుడే రాసుకున్నాను. అది ఇంకడానికి ఒక్క నిమిషం కావాలి. పది గంటలకు బస్సు డిపోలో ముప్పైమంది ఆడవాళ్ళ ముందు నిలబడి మాట్లాడాలి. నేను!

చర్మం డాక్టరమ్మ దగ్గర మందుల కౌంటరు నాది. ఆవిడ రాసిన ట్యూబులు సంచిలో వేసి ఇస్తాను. "అక్కా, వీటిలో ఏది ముందు?" అని అడిగితే చెబుతాను. పల్చనిది ముందు, చిక్కనిది తర్వాత, పొద్దున పూటయితే అన్నిటికన్నా చివర సన్‌స్క్రీన్. పదకొండేళ్ళలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా ముఖానికి మాత్రం, గిన్నెల సబ్బు వాసన పోని చేతులతో, దొరికిన క్రీమేదో పులుముకుని పరుగెత్తేదాన్ని. ఒకటి రాశాక ఆగాలి కదా, ఆ ఆగడమే మా ఇంట్లో కుదరదు. ఒకరికి సాక్సులు కనబడవు, ఇంకొకరికి కళ్ళజోడు. "నలభై ఆరేళ్ళొచ్చాక ముస్తాబేంటే, నిన్నెవరు చూస్తారు?" అని మా ఆయన ఒకసారి నవ్వాడు. ఆ నవ్వుకి నేనూ నవ్వేశాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండు నెలల క్రితం ఒక కండక్టరమ్మ వచ్చింది. ముఖమంతా కందిపోయి పొట్టు లేస్తోంది. రాత్రి రాయాల్సిన మందు పొద్దునే రాసుకుని ఎండలో డ్యూటీ చేసింది. "చీటీలో రాశాను కదమ్మా, చదవొద్దూ?" అని డాక్టరమ్మ విసుక్కుంది. కౌంటరు దగ్గరకొచ్చి ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాలుగింటికి లేచి వంట చేసి బస్సెక్కేదాన్ని. చీటీ చదివే తీరికెక్కడిదక్కా?"

ఆమెను కూర్చోబెట్టాను. మంట తగ్గేదాకా అన్నీ ఆపమన్న డాక్టరమ్మ మాట మళ్ళీ నిదానంగా చెప్పాను. ఆ తర్వాత వాడాల్సిన ట్యూబుల మీద మార్కరుతో అంకెలు వేశాను. పొద్దున వాటికి సూర్యుడు, రాత్రి దానికి చందమామ.

మొన్న ఆమె తేటపడిన ముఖంతో వచ్చింది, వెనకాల ఏడుగురు కండక్టర్లు. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చూసింది. "ఈ బొమ్మలెవరు వేశారు?"

"మన కౌంటరక్కే!"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "శనివారం డిపోలో ఆడవాళ్ళకి ఈ మందుల వాడకం గురించి నేను మాట్లాడాల్సింది. నువ్వే మాట్లాడు."

ఇంట్లో చెబితే, "మీ డాక్టరమ్మకి నోరు లేదా? మొహానికి పూసుకోవడం కూడా ఓ పాఠమేనా?" అన్నాడు మా ఆయన. ఆ పాఠం ముందు నా ముఖం మీదే చేయాలనిపించి, ఇవాళ గడియ పెట్టుకున్నాను.

రెండోది, చిక్కటి క్రీము, రాస్తుండగా అత్తగారి కేక. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి!"

"స్టవ్ కట్టెయ్యండత్తయ్యా!" అని లోపల్నుంచే అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆవిడ కట్టేసింది కూడా. సన్‌స్క్రీన్ మెడకీ చెవులకీ కూడా రాసుకుని బయటికొచ్చాను.

డిపో షెడ్డులో అందరి ముందూ నిలబడ్డాను. కండక్టరమ్మ ముందు వరుసలో కూర్చుని కళ్ళతోనే కానీయమంది. ట్యూబు చేతిలోకి తీసుకున్నాక మాటలు వాటంతటవే వచ్చేశాయి. వెనకనుంచి ఒకావిడ లేచింది. "ఒకటి రాశాక నిమిషం ఆగాలంటున్నావు. మరి ఆ నిమిషం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు. నేనూ ఇవాళే మొదటిసారి ఆగాను. పాలు పొంగాయి. మా అత్తగారు స్టవ్ కట్టేశారు. ఇల్లేం కూలిపోలేదు."

షెడ్డంతా ఒక్కసారిగా నవ్వింది. ఆడవాళ్ళు అలా పగలబడి నవ్వగా విని ఎన్నాళ్ళయిందో!

ఓ పక్కన కూర్చుని అంతా విన్న డాక్టరమ్మ బయటికొస్తూ నా భుజం తట్టింది. "ఇకమీదట ప్రతి శనివారం ఒక్కోచోట పెడదామనుకుంటున్నా. జీతం కాక దీనికి వేరే ఇస్తాను. ఇంట్లో అడిగి చెప్పు."

అలవాటుగా తల ఊపబోయి ఆగాను.

"అడిగేదేం లేదు డాక్టరమ్మా. ఇంట్లో చెప్పి వస్తాను."