రంగ్రేజుల రేవు

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షట్టర్లు మూసి ఉంటాయి. పుస్తకాలు తెరిచి ఉంటాయి.

చినుకులకు తడిసి ఎండకు ఆరుతున్న పాత కాగితం వాసన... ఫుట్‌పాత్ పొడుగునా ఆ వాసనే. కొందరికది బూజు. వసుమతికి మాత్రం ఆకలి పుట్టించే వాసన.

వసుమతికి అరవై రెండేళ్ళు. నాంపల్లిలో సర్కారు బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు టీచరుగా చేసింది. మోకాళ్ళు వారమంతా మూలుగుతాయి — ఆదివారం మాత్రం నోరెత్తవు.

ఆమె వెతికేది పుస్తకాలు కాదు. బొమ్మలు.

పత్రికల్లో ఫొటోలు వేయడం ఇంకా రాని రోజుల్లో, ఎవరో దొర ఏ మేడ మీద నుంచో చూసి గీసిన నగరం. ఇంకెవరో దాన్ని చెక్క మీద చెక్కి, సిరా పూసి, అచ్చు తీసిన నగరం. నూటయాభై ఏళ్ళనాటి హైదరాబాదు, జానెడు కాగితాల మీద.

ఆమె ఇంట్లో ఒక గోడ నిండా మూసీ ఉంది.

పురానాపుల్ దగ్గర మొదలై చాదర్‌ఘాట్ దాకా, ఒడ్డు వెంబడి వరసగా నలభై మూడు బొమ్మలు. గోడ పక్కన నడిస్తే నది పక్కన నడిచినట్టే. ఒక్కచోట మాత్రం కాలు ఆగుతుంది — అఫ్జల్‌గంజ్ పుల్ అనే వంతెన పక్కన. అక్కడ ఖాళీ. ఒట్టి సున్నం.

ఆ ఖాళీ నాయనమ్మది.

నాయనమ్మ కోటేశ్వరమ్మ బట్టలకు రంగులద్దే వాళ్ళింటి పిల్ల. పుల్‌కు ఎగువన, అఫ్జల్‌గంజ్ ఒడ్డున, తమ రేవు ఉండేదని చెప్పేది. రంగ్రేజుల రేవు. నీళ్ళలోకి దిగే మెట్లు. మెట్ల పైన వెదురు దండేలు. దండేల మీద పసుపు, ఎరుపు, నీలి బట్టల బారులు... పంతొమ్మిది వందల ఎనిమిదిలో మూసీ పొంగింది. మెట్లు పోయాయి. రేవు పోయింది. ఎనిమిదేళ్ళ కోటేశ్వరమ్మ మిగిలింది.

చెప్పిందే చెప్పేది. చచ్చేదాకా చెప్పింది. ఎవరూ నమ్మలేదు. "గాడ రేవు యాడిదే అమ్మా, కలగన్నవ్" అని కన్నకొడుకే నవ్వేవాడు.

వసుమతి నవ్వలేదు. అప్పటికి తను పదేళ్ళ పిల్ల — నాయనమ్మ చెబుతుంటే పలక మీద ఆ మెట్లు గీసింది. చెరిపి మళ్ళీ గీసింది. ఆ రోజు నుంచి ఒకటే కోరిక. నాయనమ్మ అబద్ధమాడలేదని చూపాలి. దానికి ఒక్క బొమ్మ దొరికితే చాలు.

దొరికింది — పోయిన ఆదివారం.

దొరికితే ఏం చేసింది మహాతల్లి? కింద పెట్టేసింది.

మూతబడ్డ బట్టల దుకాణం ముందు టార్పాలిన్ పరుచుకుని ముప్పై ఏళ్ళుగా పాత పుస్తకాలు అమ్ముతున్న బిచ్చయ్య, ఆమె కోసమే తీసి పెట్టి ఇచ్చాడు. చూసింది. పుల్ ఉంది. నది ఉంది. కింద ఇంగ్లీషులో హైదరాబాదు అని పేరూ ఉంది. కానీ అఫ్జల్‌గంజ్ ఒడ్డు నుంచి చూస్తే చార్మినార్‌కు కుడిపక్కన కనబడాల్సిన మక్కా మసీదు — ఎడమపక్కన ఉంది. వసుమతికి ఒళ్ళు మండింది. నగరం ఆమెకు కంఠతా వచ్చు మరి.

"ఇది మన పట్నం కాదు. ఊరు చూడకుండ గీసిండెవడో. చిత్తు కాగితాలల్ల పడేయ్ బిచ్చయ్యా."

నలుగురూ వినేట్టే అంది. పక్కనున్న వామన్‌రావు విని తలూపాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన వామన్‌రావుకూ ఇదే పిచ్చి. ఆయన గోడ ఆయనకుంది. ఆయన గోడకూ అక్కడే ఖాళీ ఉంది.

గురువారం వచ్చింది. రిటైరైనా గురువారం గురువారం ఆమె బడికి వెళ్తుంది. ఆ రోజు పిల్లలతో ఆలుగడ్డ అచ్చులు వేయిస్తోంది. రశ్మి అనే పిల్ల సగానికి కోసిన ఆలుగడ్డ మీద బస్సు చెక్కింది. కోఠి వైపు పోయే బస్సు. రంగు పూసి కాగితం మీద ఒత్తి తీస్తే — బస్సు నాంపల్లి వైపు పోతోంది.

ఉల్టా అయింది టీచర్ అని పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది.

"అచ్చుల ఉల్టానే వస్తది బిడ్డా. అందుకే మనమే ఉల్టా చెక్కాలె."

ముప్పై ఒక్క సంవత్సరాలుగా చెబుతున్న మాట. చెప్పింది... చెప్పి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఆ చెక్కినవాడు! పత్రిక గడువు నెత్తి మీదికొచ్చి, ముందున్న బొమ్మను ఉన్నదున్నట్టు చెక్క మీదికి ఎక్కించి ఉంటాడు. కుడిని ఎడమ చేయడం మరిచిపోయి ఉంటాడు. కింద పేరు విడి అక్షరాలతో కూర్చేది — కాబట్టి పేరు తిన్నగానే ఉంది. నగరమే తిరగబడింది.

తిప్పి చూస్తే మసీదు కుడికి వస్తుంది. చక్కగా వస్తుంది. అయితే... ఎడమ మూలన జెండాల్లాంటివేవో గీసి ఉన్నాయే, అవీ కుడికి వస్తాయి. పుల్‌కు ఎగువకు వస్తాయి.

జెండాలు కావు.

బట్టలు.

వసుమతి పప్పులో కాలేసింది. పిల్లలకు పాఠం చెప్పే కాలే, తీసుకెళ్ళి పప్పులో వేసింది.

శుక్రవారం ముందుకు కదల్లేదు. శనివారం అసలే కదల్లేదు. వారమంతా బిచ్చయ్య ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. ఏ గోదాములో ఏ బస్తా కింద ఉంటాడో, ఫోన్ ఎత్తడు. ఆదివారం వస్తేనే అతను పుస్తకాల బిచ్చయ్య. ఆమె ఖాళీ సున్నం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. నవ్వుకుంది, తనను తాను తిట్టుకుంది, మళ్ళీ నవ్వుకుంది.

ఆదివారం ఏడు కొట్టకముందే చేతిసంచిలో బొట్టుపెట్టెలోని చిన్న అద్దం వేసుకుని బయల్దేరింది. నాంపల్లి స్టేషన్ దాటింది. నడిచానని ఆమె అంటుంది... చూసినవాళ్ళు ఉరికిందంటారు.

బిచ్చయ్య ఇంకా టార్పాలిన్ పరుస్తున్నాడు. ఆ బొమ్మేదీ అని అడిగింది. చిత్తు కాగితాలలో కట్టేశానని, సాయంత్రం తూకానికి పోతుందని, తమరే అన్నారు కదా అని చెప్పాడు.

మూడు మోపులు.

వసుమతి కింద కూర్చుంది. చీర ఫికర్ లేదు, మోకాళ్ళ ఫికర్ లేదు. మొదటి మోపు విప్పింది — పరీక్ష పేపర్లు, పెళ్ళి కార్డులు, పాత క్యాలెండర్లు. లేదు. రెండో మోపు — లేదు, లేదు. కాగితాలు ఇంకా గబగబా తిప్పుతోంది. భయమా సంతోషమా అంటే రెండూ. అప్పుడే వామన్‌రావు వచ్చాడు. ఏం వెతుకుతున్నారని అడిగితే ఏం లేదంది. ఒకరు తవ్వుతుంటే ఇంకొకరు ఊరుకోలేని పిచ్చి ఇది. ఆయన మూడో మోపు విప్పాడు.

ఆయన చేతికే వచ్చింది.

ఆ ఫుట్‌పాత్ మీద రాయని చట్టం ఒకటుంది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే, ఉన్నంతసేపు వాళ్ళదే. అడగకూడదు. లాగకూడదు. కింద పెట్టాకే ఇంకొకరు ముట్టాలి.

"గిదే గదా మేడం, మొన్న మీరు తప్పన్నది" అంటూ వామన్‌రావు దాన్ని కింద పెట్టబోయాడు.

చెయ్యి దిగుతోంది. జానెడు... బెత్తెడు... రెండు వేళ్ళు. నోరు మూసుకుంటే చాలు. రెండంటే రెండు క్షణాలు.

కానీ వసుమతి నోట్లో నువ్వుగింజ నానదు. అందులోనూ అంత సంతోషం — ఎక్కడ దాచుకుంటుంది?

"తప్పు బొమ్మది కాదు. నాది."

అనేసింది. అనేసి అద్దం తీసి బొమ్మకు ఎదురుగా పట్టింది.

అద్దంలో నగరం తిన్నగా నిలబడింది. మసీదు కుడికి వచ్చింది. మూసీ తూర్పుకు పారింది. వామన్‌రావు కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగాడు. ఆయనకు నాయనమ్మ సంగతి తెలియదు. రేవు సంగతి తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. చాలాసేపు చూశాడు.

"పుల్ పక్కన మెట్లున్నయ్ మేడం" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "బట్టలారేసిన్రు... బారెడు బారెడు బట్టలు."

వసుమతికి కళ్ళు నిండాయి. నవ్వు ఆగలేదు.

"మా నాయనమ్మోళ్ళవి" అంది.

బొమ్మ ఆయన చేతిలో. అద్దం ఈమె చేతిలో. ఎవరు చెయ్యి దించినా రేవు పోతుంది.

ఎవరికి కట్టమంటారని బిచ్చయ్య అడిగాడు. వినలేదేమోనని మళ్ళీ అడిగాడు.

ఇద్దరూ చెయ్యి దించలేదు.