విడిచిన చోటు

హేమంతర్తువు ప్రవేశించెను. ప్రాలేయధవళావగుంఠనమున మోము దాచుకొని గుండ్లకమ్మ నిశ్శబ్దముగా బారుచుండెను. కంకులు గోసికొన్న జొన్నచేలలో నెండుచొప్పపై నిలిచిన మంచుబిందువులు బాలభానుకిరణస్పర్శమున నొక్కక్షణము మెరసి రాలిపోవుచుండెను. అట్టి ప్రభాతవేళ నా నదీతీరాగ్రహారమందలి యొకానొక పెంకుటింటి పెరటిలో, పెనిమిటిని గోల్పోయి పుట్టింట నిలిచిన పేరమాంబ పసుపునీట దాటియాకులు వండుచుండెను. వానిపై వ్రాయువాడు మూడుమాసములుగా మంచము దిగుట లేదని యామె యెరుగును. ఎరిగియు వండుచుండెను.

ఆ వ్రాయువాడామె తమ్ముడౌబళయ్య. తల్లి పురిటనే కన్నుమూయగా బదియేండ్ల పేరమాంబయే వానిని జంకనెత్తుకొని పెంచినది. వారిది పుస్తకములకు బ్రతులు వ్రాయు వంశము. ఆమె మూలగ్రంథమును బైకి జదువుచుండ నతడు గంటముతో నాకుపై జెక్కుచుండెడివాడు. చదువుటలో నామెకు దొందర యెక్కువ. "అక్కా, మెల్లగా! నా గంటమునకు రెక్కలు లేవు" అని యతడు విసువుకొనని దినము లేదు. తండ్రి వారికి నేర్పిన నియమ మొక్కటి గలదు: "చెదలు దినిన చోటు వచ్చినపుడు మీ కవిత్వమును దానిలో జొనుపకుడు. ఎన్ని యక్షరములు పోయినవో యంత చోటు విడిచి ముందునకు సాగుడు."

గడచిన భాద్రపదమున నతనికేమో యైనది. జ్వరము లేదు, గాయము లేదు, ఎవరును మాటయనలేదు. గోడవైపు దిరిగి పరుండినవాడు పరుండినట్లే యుండెను. వైద్యుడు కషాయమిచ్చెను, భూతవైద్యుడు విభూతి యిచ్చెను, ఊరు సలహాల నిచ్చెను. కుండమూతికి మూకుడు గలదు గాని లోకుల నోటికి మూకుడు లేదు గదా! "తిన్న యన్న మరుగక గాని వానికి రోగమెక్కడిదే పేరమ్మా?" అని పొరుగింటి కోటమ్మ గోడమీదుగా నిత్యము పలుకరించుచుండెను. ఒకనాడు విసిగి పేరమాంబయు "నీకేమి తక్కువైనదిరా?" యని గద్దించినది. "ఏమియు దక్కువ గాలేదక్కా. అదియే నాకును దెలియకున్నది" అని యతడు కన్నులు మూసికొనెను.

అంతలో మాఘపూర్ణిమకు బురాణప్రతి యందవలెనని, మూలగ్రంథమును వ్రాయనిచ్చిన మఠమునుండి కబురు వచ్చెను. తమ్ముని పేరు చెడునని వెరచి పేరమాంబ తానే గంటము బట్టి, వ్రేళ్లు బొబ్బలెక్క, అచ్చముగా నతని వ్రాతనే యనుకరించి నలువది యాకులు చెక్కి, వానిని సంతోషముతో నతని యెదుట నుంచి "చూడు నాయనా, నీ పని యైపోయినది. ఇక నీకు జింత యేల?" అనెను. అతడొక యాకును వెలుతురున కెత్తి చాలసేపు చూచెను.

"చక్కగా నున్నవక్కా. ఇక నేను లేకున్నను గొరత లేదు."

నాడతడు మెతుకు ముట్టలేదు. మరునాటి యుదయమున బడక శూన్యమై యుండుట గని యామె యేటివంకకు బరువెత్తెను. మంచులో గట్టున గూర్చుండి యతడు నీటివైపు చూచుచుండెను. ఆమె రొప్పుచు బ్రక్కన జతికిలబడి యతని చేయి పట్టుకొని యిట్లనెను: "నీ పని నేను జేయగలిగితిని. తప్పు చేసితిని. నాకు దమ్ముడవై యుండుట మాత్ర మెవ్వరు చేయుదురురా?" అతడు చేయి విడిపించుకొనక యామె వెంట నింటికి వచ్చెను.

ఆ దినముననే యామె మఠమువారి కబురుకానితో "ఈ యాకులు నా వ్రాత, నా తమ్మునిది గాదు. వేచియుండలేకున్న మీ మూలగ్రంథమును గొనిపొండు" అని చెప్పెను. వారు గొనిపోయిరి. పిమ్మట నామె తండ్రినాటి చెదలుదినిన పొత్తమొకటి విప్పి, ప్రతిదినము పనివేళకు దమ్ముని మంచముచెంత గూర్చుండి, యతని చేతికందునట్లు క్రొత్తయాకును గంటమును బెట్టి చదువసాగెను. లెమ్మనలేదు, వ్రాయుమనలేదు. శిథిలమైన చోటు వచ్చినప్పుడు "ఇచ్చట విడువుము" అని యెప్పటివలె జెప్పి కొంతతడవాగెడిది. విడుచువా డెవ్వడు? మనుష్యు డెదుట నుండగా గలుగు నొంటరితనము మనుష్యుడు లేనప్పటికంటె బరువైనదని యామె యప్పుడెరిగెను. కొన్నిదినములు వానిపై గోపమువచ్చి పసులకొట్టములోనికి బోయి యేడ్చెడిది. ఏడ్చి, మోము కడుగుకొని, మరల వచ్చి చదివెడిది.

ఫాల్గుణము వచ్చెను. ఒకనాడు పొయ్యిపై నెసరు పొంగునను తలంపుతో నామె వడివడిగా జదువుచుండెను.

"అక్కా, మెల్లగా."

వాడుకలేక బొంగురువోయిన గొంతు. ఆమె తల త్రిప్పలేదు. త్రిప్పిన నా మాట యెగిరిపోవునేమో యని భయము. వాక్యమును మొదటినుండి యెత్తుకొని యొక్కొక్కపదము నిలిపి నిలిపి చదివెను. ఎసరు పొంగి పొయ్యి యారిపోయినది, పోనిమ్మనుకొనెను. ఆకుపై గంటము కరకరలాడుచుండెను. రెండు పంక్తులు చెక్కి, గంటము దించి, యతడు మరల గోడవైపు దిరిగెను. మరునాడు వ్రాయలేదు. ఆ మరునాడును వ్రాయలేదు.

ఆమె యా రెండు పంక్తులకు మసి పూసి తుడువగా వంకరటింకర యక్షరములు నల్లగా దేలెను. గోడమీదుగా జూచుచున్న కోటమ్మ "రెండు పంక్తులకే యింత సంబరమా? తక్కిన యాకంతయు వ్యర్థమే గదా, నీవు నింపరాదటే?" అనెను.

"వ్యర్థము గాదు వదినా. అది వాని చోటు" అని పేరమాంబ యా యాకును త్రాట గ్రుచ్చి, మరియొక క్రొత్తయాకును మంచముచెంత నుంచి, విడిచిన చోటినుండి మెల్లగా జదువ నారంభించెను.