ఫోనులో కాపురం

"ఫోను కాస్త కిందకొంచమ్మా, గిన్ని అగుపడతన్నేదు" అంది గరివిడి నుంచి రాజకుమారి.

నెల్లిమర్లలో తమ వంటింటి గట్టు మీద, బియ్యం డబ్బాకి ఆనించిన ఫోనును ప్రిస్కిల్లా చింతపండు చేత్తోనే వంచింది. కాబోయే అత్తగారికి చేపల పులుసు రంగు కనిపించాలి.

"ఉల్లిపాయి ఇంకా ఏగాల. పచ్చివాసనొస్తే మా జేమ్సు కంచం కాణ్ణుంచి నెగిసెల్లిపోతాడు."

ఫిబ్రవరిలో చర్చిలో జేమ్స్‌తో ప్రధానం అయింది. మే నెలలో పెళ్ళి అనుకున్నారు. ఈలోగా కరోనా వచ్చి, హైదరాబాదులో ఆమె ఉంటున్న హాస్టలు ఖాళీ చేయించారు. ప్రిస్కిల్లా ఆఫీసు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి పడింది. పెళ్ళి వాయిదా పడింది గాని కోడలి పని మాత్రం అనుకున్నదానికంటే ముందే మొదలైంది.

పొద్దున్నే హెడ్‌ఫోన్సు పెట్టుకుని కూర్చుంటే, కొన్న సరుకు ఇంకా చేరలేదని తిట్టేవాళ్ళందరికీ "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అని చెప్పడం ఆమె ఉద్యోగం. ఒక ఫోన్ కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య గిన్నెలు తోముతుంది, కుళాయి వస్తే బిందెలు పడుతుంది. తండ్రి దాలయ్య పనిచేసే మిల్లు మూతపడింది. ఆయన మంచం మీద నుంచి టీవీ చూస్తూ "అమ్మీ, టీ" అంటాడు. తల్లి పరంజ్యోతికి మోకాళ్ళ నొప్పులు. "నీది ఇంటికాడ కూకుని సేసే ఉద్యోగమే కదే" అంటుంది.

మధ్యాహ్నం అన్నానికి దొరికే గంట జేమ్స్‌ది. ఆ గంట డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఫోను పట్టుకుని కూర్చోవాలి. మొదట్లో ఆ గంట కోసమే ఆమె తెల్లారి లేచేది. అతని ఫ్యాక్టరీలోనూ పని ఆగింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఒకరోజు ఫోనులోనే ఏడ్చాడు. మగవాడు ఏడవడం ఆమె అంతవరకూ చూడలేదు. ఆ రోజు అతను ఎంత దగ్గరివాడనిపించాడో. జడ విప్పమంటే విప్పింది, చున్నీ తీయమంటే తీసింది. అతను అడిగాడనే కాదు. పనులు చెప్పేవాళ్ళే తప్ప తనవైపు చూసేవాళ్ళు లేని ఆ ఇంట్లో, తననొకరు కళ్ళారా చూడాలని ఆమెకూ ఉండేది. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు. కానీ రానురాను అదీ ఒక డ్యూటీ అయిపోయింది. "ఆన్‌లైన్‌లో ఉండి నా ఫోనెందుకు ఎత్తలేదు? ఎవడితో?" అంటాడు. ఆఫీసు పనిలో ఉన్నానంటే, "నా టెన్షన్ నీకు పట్టదు" అంటాడు. ఒకసారి అలవాటులో "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అనేసింది. తనకి నవ్వొచ్చింది. అతను రెండు రోజులు మాట్లాడలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, అతను మాట్లాడుతుండగానే ఆమెకి కునుకు పట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఫోను పక్కకి ఒరిగి ఉంది. తెరమీద జేమ్స్ నవ్వుతున్నాడు.

"ఎంత బావున్నావో తెలుసా నిద్రలో? ఫొటోలు తీసి ఉంచాను."

ఆమె చున్నీ వెతుక్కుంది. "తీసెయ్యండి జేమ్స్."

"నాకోసమే కదా! ఎవరికి చూపిస్తాను?"

మర్నాడు వంటప్పుడు రాజకుమారి ఎప్పటిలాగే ఫోనులోకి వచ్చింది. కూరలో ఉప్పు సంగతయ్యాక పకపకా నవ్వింది.

"మద్దేనం పూట నోరు తెరుసుకుని తొంగుంటావేటే? జేమ్సు సూపించాడు. నీకు గుండి మీద పుట్టుమచ్చున్నాది కదా, అది శానా మంచిదని మా ఆడపడుసు కూడా అంది."

ప్రిస్కిల్లా చేతిలో గరిటె ఆగిపోయింది. మెడ దిగువన ఉన్న ఆ మచ్చ బట్టలు సరిగ్గా ఉంటే ఎవరికీ కనిపించదు. చేతులు కడుక్కుని ఫోను ఆపేసింది. గదిలోకి వెళ్ళి జేమ్స్‌కి చేసింది.

"అమ్మే కదా, పరాయిదా? ఇంట్లో అందరికీ పిచ్చెక్కిపోతోంది, కాసేపు నవ్వుకున్నాం. దానికింత రాద్ధాంతమా?"

"ఎవరెవరు చూశారు?"

"నన్ను నమ్మవా నువ్వు?"

ఆమె ఫోను పెట్టేసింది. తల్లికి చెప్తే, పరంజ్యోతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ నాన్నకి సెప్పకే. రేపు తాళి కట్టినోడికి సూపించేదే కదా. ఎదురాడితే పెళ్ళాగిపోద్ది, ఊళ్ళో తలెత్తుకోనేం."

ఆ రోజంతా ప్రిస్కిల్లా ఫోనులో తిట్లు తింటూ ఆలోచించింది. తిట్టేవాళ్ళకి కనీసం తన పేరు తెలియదు, ముఖం తెలియదు. జేమ్స్‌కి అన్నీ తెలుసు. ఎంత అలసిపోతే అలా కూర్చున్నచోటే నిద్ర పట్టేసిందో, అది మాత్రం తెలుసుకోవాలనిపించలేదు అతనికి. రేపు ఆ ఇంట్లో తలుపు వేసుకుని పడుకున్నా, తెల్లారి వంటింట్లో తన గురించి నవ్వుకుంటారు. అప్పుడు పెట్టేయడానికి ఫోను కూడా ఉండదు. కాబోయేవాడు ఎలాంటివాడో పెళ్ళికి ముందే తెలిసింది. లాక్‌డౌన్ తనకి చేసిన మేలు ఇదొక్కటేనేమో.

సాయంత్రం డ్యూటీ దిగాక డాబా ఎక్కింది. ఈసారి కెమెరా ఆపి మామూలు ఫోను చేసి, ఈ సంబంధం తనకి వద్దంది. అతను ముందు బతిమాలాడు, తరువాత అరిచాడు, చివర్న, "ఆ ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి, మర్చిపోకు" అన్నాడు.

ఆమె పిట్టగోడ పట్టుకుంది.

"మర్చిపోలేదు. మీరన్న ఈ మాట కూడా నా ఫోనులో రికార్డయింది. అవి బయటికొస్తే పోలీసు స్టేషన్‌లో వినిపిస్తాను. పెళ్ళి వాయిదా పడలేదు జేమ్స్, ఆగిపోయింది" అని పెట్టేసింది.

కిందికి వచ్చేసరికి పరంజ్యోతి గుమ్మంలో బియ్యం చేట ముందేసుకుని కూర్చుని ఉంది. పైనుంచి మాటలు కొన్ని వినబడ్డాయేమో, చేతులు ఆడటం లేదు.

"ఏటన్నాడే అతను?"

ప్రిస్కిల్లా తల్లి పక్కన గడప మీద కూలబడింది. ఒళ్ళంతా నొప్పులు. ఏడుపు రాలేదు, ఊపిరి మాత్రం తిన్నగా ఆడుతోంది.

"అతనేటన్నాడో కాదమ్మా, నేనేటన్నానో అడుగు."