పడవ మీది చివరి మాట

పడవల మీద దేవుడి వాక్యాలు రాసే పెయింటరుకు తన రంగంటే మహా గీర. ఉప్పునీరు పడవనైనా తినెయ్యొచ్చు గానీ తన అక్షరం జోలికి రాలేదని రేవంతా కోతలు కోసేవాడు. కోతలే అయినా అందులో అబద్ధం లేదు.

ఆ రేవులో ఒక పట్టింపు ఉంది. ముందు చెక్క మీద వాక్యం పూర్తి కాని పడవను ఎవరూ నీళ్లలోకి దింపరు. అతని చెల్లెలి మొగుడైన బావ కొత్త పడవకు పాస్టరుగారు కీర్తనల ధోరణిలో ఒక వాక్యం కూర్చి ఇచ్చారు: "సుడిగాలిపై స్వారీ చేయువాడు తన రెక్కల చాటున నిన్ను కాపాడును."

చివరి మాట మిగిలి ఉండగా చెల్లెలు షెడ్డులోకి వచ్చింది.

"అన్నయ్యా, ఆకాశం చూశావా? ఆ మాట రేపు రాద్దువుగాని. అది లేకపోతే మీ బావ కదలడు. నేను చెప్తే వినే మనిషా?"

"దేవుడి మాట సగంలో ఆపమంటావా? అదీ 'కాపాడును' అన్న మాటని. నీకు మతి ఉందా?"

నిజానికి అందులో భక్తి సగమే. మిగతా సగం పట్టిన కుంచె దించలేని పనివాడి పంతం. పూర్తి చేసేశాడు. రంగు ఆరగానే బావ వచ్చి అతని వీపు చరిచాడు.

"ఇంక గాలివానే నన్ను చూసి జడుసుకోవాలి బావా," అని నవ్వుతూ పడవ దింపాడు.

సుడిగాలి వచ్చింది. దాని మీద స్వారీ చేసేవాడు మాత్రం ఎవరికీ కనబడలేదు.

గాలి తగ్గాక పడవా రాలేదు, బావా రాలేదు. చెక్క ముక్కొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద "కాపాడును" ఒక్కటే నిగనిగలాడుతూ మిగిలింది.

చెల్లెలు ఆ ముక్కను చంకలో పెట్టుకుని వచ్చింది. తిడితే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది. ఆమె తిట్టలేదు.

"దీన్ని గీకెయ్ అన్నయ్యా. పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రావటం లేదు. ఇంట్లో ఉంచితే చూడలేకపోతున్నాను."

అతను రేకుతో గీకాడు. గరుకు కాగితంతో రుద్దాడు. పై మెరుపు పోయింది, వేళ్లు చెక్కుకుపోయాయి, చెక్కలోకి ఇంకిన అక్షరం మాత్రం కదల్లేదు. ప్రార్థన చేద్దామంటే నోటికి ఆ వాక్యమే వచ్చింది. మింగేశాడు.

"ఇంత గట్టిగా ఎందుకు రాశావన్నయ్యా?" అంది చెల్లెలు.

అతను గీకుతూనే ఉన్నాడు.