తొమ్మిదో బూత్

"నీళ్ళు."

మా ఇంటాయన నన్నేదైనా అడిగేది ఇట్లాగే, ఒక్కో ముక్క. నీళ్ళు, టవలు, కంచం, కాఫీ. ఆ తర్వాత 'ఇవ్వు' అని కూడా ఉండదు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట ఎప్పటికైనా పూర్తి చేస్తాడేమోనని ఎదురు చూసేదాన్ని. తర్వాత మానుకున్నాను. పొద్దున అత్త సెల్లమ్మకు రాగిసంకటి వేరేగా కెలకాలి, మా ఆర్తికి స్కూలు డబ్బా కట్టాలి, ఆయనకు సైటుకు కేరియరు కట్టాలి. అందరికీ వేడి వేడి కాఫీలిచ్చి నా గ్లాసు దగ్గరికొచ్చేసరికి అది చల్లారి పైన మీగడ కట్టి ఉంటుంది. దాన్నట్లే గొంతులో ఒంపుకొని గుడియాత్తం బస్టాండుకు పరిగెత్తుతాను. వెల్లూరు కాలేజీలో నేను ఇంగ్లీషు లెక్చరర్ని. ఈ మధ్య ఆర్తి కూడా పుస్తకంలోంచి తలెత్తకుండా "అమ్మా, టవలు" అంటోంది.

కోపం రాలేదా అంటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ దానికి నేనే ఒక జోల పాడి పడుకోబెట్టాను. పాపం, తెలీదు, అనుకునేదాన్ని. ఇళ్ళు కట్టే మేస్త్రీల కుటుంబం. ఇసుక కుప్పల మధ్య పెరిగాడు. మా మామ బతికున్నన్నాళ్ళూ అత్తను పిలవగా ఎవరూ వినలేదట. దగ్గితే ఆమె వచ్చేది. అట్లాంటి ఇంట్లో పెరిగినవాడికి ఆడదాని అలసట ఎట్లా కనిపిస్తుంది? ఎవరు నేర్పారు? తెలీనివాళ్ళకు నేర్పడమే కదా నా ఉద్యోగం, ఎప్పటికైనా నేర్పుకుంటాను, అనుకునేదాన్ని. పద్నాలుగేళ్ళ కాపురాన్ని ఈ ఒక్క మాట మీద నిలబెట్టుకొచ్చాను.

తొంభై ఏడులో యూనివర్సిటీ వాళ్ళు మా కాలేజీకి లాంగ్వేజ్ లాబ్ ఇచ్చారు. వరసగా చెక్క బూత్‌లు, ఒక్కోదాంట్లో హెడ్‌ఫోను, మైకు, కేసెట్ ప్లేయరు. ఎదురుగా నాకొక బటన్ల బల్ల. బటన్ నొక్కితే ఏ బూత్‌తోనైనా మాట్లాడొచ్చు, రెండు బూత్‌లను కలిపి వాళ్ళిద్దరూ మాట్లాడుకునేలా చెయ్యొచ్చు, వాళ్ళకు తెలియకుండా వినొచ్చు. ఆ వినే బటన్ సంగతి నేను క్లాసుకు చెప్పలేదు, చెబితే ఎవరికీ నోరు పెగలదు. ప్రారంభోత్సవం నాడు మా హెడ్ నారాయణన్ గారు రిబ్బను కత్తిరించారు. కత్తెర పెట్టిన పళ్ళెం పట్టుకొని నిలబడింది నేను. "లేడీస్ పట్టుకుంటేనే లక్షణంగా ఉంటుందమ్మా" అన్నారు. ఆ మర్నాటి నుంచి చిక్కుపడిన టేపును పెన్సిలుతో చుట్టేది, హెడ్‌ఫోన్ల స్పాంజీకి అంటిన తలనూనె తుడిచేది కూడా లేడీసే. మగ లెక్చరర్లు నాకు 'కేసెట్ మేడం' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఆ గదంటే నాకు ప్రాణం. నా మాటను జనం చెవులకు తగిలించుకొని వినే చోటు ఈ భూమ్మీద నాకు అదొక్కటే.

అందుకే నారాయణన్ గారు పిలిచి, జూన్ నుంచి లాబ్ పూర్తి బాధ్యత నీదే, వెల్లూరులోనే సత్తువాచారిలో ఉండడానికి రెండు గదుల క్వార్టరు కూడా ఇస్తారు, ఏప్రిల్ ఆఖరుకు ఏదో ఒక మాట చెప్పు అంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంట్లో చెప్పాను. ఆయన పేపరు దించలేదు. "వారానికొకసారి ఇంటికొచ్చే కోడలు మన వంశంలో యాడైనా ఉండాదా?" అంది అత్త. పేపరు వెనకనుంచి "ఆడ తలకాయ ఊపేసి రావద్దు" అని వినిపించింది. రాలేదు. రేపు మాపు అని నారాయణన్ గారి దగ్గర నెట్టుకొచ్చాను, చివరికి కాదని చెప్పడానికే.

ఇంతలో మా ఇంటాయనే మా కాలేజీకి వచ్చాడు.

దేశం తలుపులు తెరిచారని పేపర్లో రోజూ రాసేవాళ్ళు. మా వైపు ఆ తలుపులోంచి వచ్చింది బూట్ల ఫ్యాక్టరీ. ఇటలీ వాళ్ళతో కలిసి కడుతున్నారు. కట్టుబడి సూపర్‌వైజర్లకు ఇంగ్లీషు రావాలి, పరాయి దేశస్థులతో ఎట్లా మెలగాలో తెలిసుండాలి, యూనివర్సిటీ సర్టిఫికెట్టు ఉంటేనే పని అన్నారు. ఆ సాయంకాలం కోర్సు చెప్పేది నేనే. చేరే ముందు రోజు మా ఇంటాయన నాకొక షరతు పెట్టాడు. "ఆడ నువ్వెవురో నేనెవురో. పెండ్లాం దగ్గర పాఠం నేర్చుకుంటా ఉండాడని జతగాళ్ళకు తెలిస్తే మానం పోతాది." అత్త భయం ఇంకొకటి. "హాజరు పిలిచేటప్పుడు మైకులో మొగుని పేరు ఎత్తుతావా? అయ్యయ్యో, నోరు కుళ్ళిపోతాది." మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. నేను ఆయన్ను 'ఇదో' అంటాను, ఆయన నన్ను ఏమనీ పిలవడు. ఇంగ్లీషు క్లాసులో 'ఇదో' అని హాజరు వెయ్యలేను కదా. అందర్నీ బూత్ నంబర్లతో పిలిచాను. ఇదేదో విదేశీ పద్ధతి కాబోలని క్లాసంతా మురిసిపోయింది. మా ఇంటాయన తొమ్మిదో బూత్.

క్లాసులో నన్ను చూసి లేచి నిలబడేవాడు. "గుడీవినింగ్ మేడం" అనేవాడు. నాకు సిగ్గేసేది, దాచుకోవడమెందుకు, కొంచెం సంతోషం కూడా వేసేది. క్లాసు అయ్యాక ఆయన బండి మీద వెళ్ళేవాడు, నేను బస్సులో. కలిసి పోతే నలుగురూ చూస్తారు. దారిలో కే.వి.కుప్పం ఊరు రాకముందే ఆయన బండి నా బస్సును దాటిపోయేది. కమ్మీ పట్టుకొని నిలబడి, కిటికీలోంచి ఆ వెనక లైటు కనిపించినంత సేపు చూసేదాన్ని. ఇల్లు చేరేసరికి కాళ్ళు కడుక్కొని కూర్చొని ఉండేవాడు. "ఇంత లేటా?" అనేవాడు. ఒకే గదిలోంచి ఒకే గంటకు బయటపడిన మనిషి అడిగే ప్రశ్నా అది! దానికి కూడా నేను, పాపం ఆకలి మీదున్నాడు, అనుకొని పొయ్యి వెలిగించాను. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

ఇంటికి అతిథి వస్తే ఎట్లా మెలగాలన్న పాఠం వచ్చింది. కేసెట్లో ఒక ఇంగ్లీషాయన భార్యతో ప్రతిదానికీ ప్లీజ్ అంటాడు, థాంక్యూ అంటాడు, అలసిపోయావు కూర్చో అని టీ తానే పెట్టి తెస్తాడు. క్లాసంతా గొల్లుమంది. తంగవేలు అనే సూపర్‌వైజరు హెడ్‌ఫోను తీసి, "మేడం, పెండ్లానికి థాంక్స్ చెప్తే, వీడు యాడో తప్పు చేసొచ్చినాడని కనిపెట్టేస్తాది" అన్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది తొమ్మిదో బూత్. నేనూ నవ్వాను. "ఎవరి ఆచారం వాళ్ళది. ఏది గొప్ప, ఏది తక్కువ అని కాదు. తెలుసుకొని మెలగాలి" అని పుస్తకంలో ఉన్న మాట మైకులో చెప్పాను. చెబుతుంటే నాకే నోరు చేదయింది. ఆచారమట. సంకటి కెలికి కెలికి వచ్చిన నా మణికట్టు నొప్పి ఏ దేశపు ఆచారం?

తర్వాతి వారం ఆ పాఠం మీద పరీక్ష. ఇద్దరిద్దరిని కలిపాను. ఒకరు విదేశీ అతిథి, ఒకరు ఇంటి యజమాని. పుస్తకం చూడకూడదు, సొంతంగా మాట్లాడాలి. ముందు మీలో మీరు అలవాటు చేసుకోండి, మార్కులకు తర్వాత వింటానన్నాను. మా ఇంటాయనకు జత ఏసుదాస్, అదే ఫ్యాక్టరీ పని కోసం చేరిన కుర్ర సూపర్‌వైజరు. ఎవరికీ చెప్పని ఆ వినే బటన్ నొక్కి, హెడ్‌ఫోను సరిచేసుకొని, పెన్ను పట్టుకున్నాను.

"మీ శ్రీమతి ఏం చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగాడు ఏసుదాస్.

మా ఇంటాయన నిదానంగా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. నా భార్య చాలా కష్టపడుతుంది. అందరికన్నా ముందు లేస్తుంది. బస్సులో ఆమెకు సీటు దొరకదు, నిలబడే వస్తుంది. కుడి మణికట్టు నొప్పి. అది ఎవరికీ చెప్పదు, చపాతీలు ఒత్తేటప్పుడు చెయ్యి మార్చుకుంటుంది. అందరికీ వేడి కాఫీ ఇచ్చి తాను చల్లారింది తాగుతుంది. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకని సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి నేనే కాఫీ పెడతాను. చక్కెర అర చెంచా. ఎక్కువైతే ఆమెకు నచ్చదు.

ఏసుదాస్ అతిథి వేషం మరచిపోయాడు. "నిజంగానా అన్నా? అక్కకు నువ్వే పెడ్తావా?" అన్నాడు తెలుగులో.

"పైత్యమా నీకు?" అని నవ్వాడు మా ఇంటాయన. "మార్కులకప్పా!"

నేను బటన్ మీంచి వేలు తీసేశాను. ముందర బూత్‌లలో పెదాలు కదులుతున్నాయి, ఏమీ వినిపించడం లేదు. అర చెంచా సంగతి నేను ఆ ఇంట్లో ఎవరితోనూ అనలేదు. చెయ్యి మార్చుకోవడం నాకే సరిగ్గా తెలీదు. అంటే పేపరు వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. అన్నీ చూసి, అన్నీ గుర్తుపెట్టుకొని, "నీళ్ళు" అన్నాడు. ఆ రోజు బస్సులో నిలబడి ఏడవడానికి కూడా నాకు చేతకాలేదు. చూడనివాడి మీద జాలి పడొచ్చు. నేను నిలబడి ఉండడం చూస్తూ కూర్చున్నవాడిని ఏమనుకోవాలి? ఇన్నేళ్ళు నేను పాడుకున్న జోల ఎవరి కోసం? తెలీదు, తెలీదు అని ఆయన తరఫున వాదించి వాదించి, తెలీనిదాన్ని నేనయ్యాను. మార్కులు మాత్రం అందరికన్నా ఆయనకే ఎక్కువ వేశాను. ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

సర్టిఫికెట్టు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఇటలీ ఇంజనీరును భోజనానికి పిలిచాడు. పొద్దున్నుంచీ వండింది నేను. దొర వస్తున్నాడని అత్త పట్టుచీర కట్టింది. తెల్లగా, పొడుగ్గా, మొహమాటంగా ఉన్న ఒక పిల్లవాడు వచ్చాడు. వడ్డించబోతే మా ఇంటాయన నా చేతిలోంచి గరిటె తీసుకొని, నా కోసం కుర్చీ లాగి, ఇంగ్లీషులో, "నువ్వు అలసిపోయావు, దయచేసి కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఆ ఇంట్లో మగవాళ్ళ పక్కన కూర్చొని తినడం నాకదే మొదలు. ఆర్తి అన్నం కలపడం ఆపి వాళ్ళ నాయన మొహం చూస్తోంది.

"నా భార్య లెక్చరర్. ఇంగ్లీషు చెబుతుంది" అన్నాడు గర్వంగా. లాబ్‌లో దాచిపెట్టిన పెండ్లాన్ని దొర ముందు బయటికి తీశాడు.

"అయితే మీకు ఇంగ్లీషు ఈమే నేర్పారా?" అని అడిగాడు ఆ అబ్బాయి.

"లేదు లేదు. కేసెట్లు విని నేర్చుకున్నా."

భోజనాలయ్యాక నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపి, తానే వంటింట్లోకి పోయాడు. పాలు కాగే చప్పుడైంది. "అయ్యయ్యో, మొగబిడ్డ పొయ్యికాడనా?" అని అత్త గుండె బాదుకుంటే, "దొర చూస్తా ఉండాడు, ఊరుకో మా" అన్నది నాకు వినిపించింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు. వేడిగా ఉంది. చక్కెర సరిగ్గా అర చెంచా. అంత మంచి కాఫీ నేను ఎప్పుడూ తాగలేదు. దాని మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

కారు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి లోపలికొచ్చాడు. నేనింకా బల్ల దగ్గరే కూర్చొని ఉన్నాను.

"దొర పోయినాడు గదా," అన్నాడు. "లేయ్ ఇంక."

లేవలేదు. గ్లాసులో ఇంకా కాఫీ ఉంది. నిదానంగా తాగాను. అత్త, ఆర్తి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"సోమవారం నారాయణన్ సార్‌కు సరేనని చెప్తా ఉండా," అన్నాను. "స్కూలు తెరిచేలోగా ఆర్తిని తీసుకొని సత్తువాచారి పోతా."

ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. గొంతు పెంచుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆఖరికి, ఇంట్లో తెలుగులో ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో, ఒక పూర్తి వాక్యం అడిగాడు.

"మళ్ళ మా అమ్మకూ నాకూ వండిపెట్టేదెవురు?"

"మీకొచ్చు," అన్నాను. "ఇప్పుడే చూసినా."